పదేళ్ల సెక్షన్, ఏడాది శిక్ష: ఒక ఇటుక బట్టీ కేసు

తీర్పు చదివిన రోజు సాయంత్రం మా జూనియర్ అడిగాడు, "సార్, మనం గెలిచినట్టా, ఓడినట్టా?" అని. ముద్దాయిలు ముగ్గురు. కూలీలను తీసుకొచ్చిన సర్దారుకు పదేళ్లు పడ్డాయి. బట్టీ యజమానికి ఏడాది. సూపర్‌వైజర్ మీద నేరం రుజువు కాలేదన్నారు. పందొమ్మిది మందిని నెలల తరబడి బట్టీలో కట్టిపడేసిన కేసులో ఎక్కువ శిక్ష ఎవరికి పడిందంటే, ఒకప్పుడు అదే బట్టీలో అప్పు తీర్చుకోవడానికి ఇటుకలు కోసిన మనిషికి.

మనుషుల అక్రమ రవాణా మీద చట్టాన్ని గట్టి చేయాలనే మాట వినపడినప్పుడల్లా నాకు ఈ కేసే గుర్తొస్తుంది. అందుకే మొదటి నుంచి చివరిదాకా రాసి పెడుతున్నాను. పేర్లు, ఊళ్లు ఇవ్వను. బాధితుల్లో పిల్లలున్నారు, వాళ్లను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడానికి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. ఇందులో నేను బాధితుల తరఫు లాయర్‌ని. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 301(2) కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ)కి సహాయంగా నిలబడ్డాను. ఆ హోదాలో సాక్షిని నేరుగా ప్రశ్నించే హక్కు ఉండదు. పీపీ పక్కన కూర్చుని చీటీలు అందించాలి, సాక్ష్యమంతా ముగిశాక కోర్టు అనుమతిస్తే రాతపూర్వక వాదన ఇచ్చుకోవాలి.

బట్టీ లెక్క

పశ్చిమ ఒడిశాలో బలాంగిర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా వేల కుటుంబాలు తెలంగాణ బట్టీలకు వస్తాయి. నువాఖాయి పండుగ దాటగానే ఊళ్లలో అడ్వాన్సులు మొదలు. నవంబరు, డిసెంబరుల్లో కాంటాబాంజి స్టేషన్‌లో రైలెక్కిన వాళ్లు మళ్లీ ఇల్లు చేరేది వానలకు ముందే. భార్య, భర్త, పనికి అందివచ్చే ఒక పిల్లో పిల్లాడో కలిస్తే ఒక 'పథూరియా'. అడ్వాన్సు ఇచ్చేది పథూరియాకే, లెక్క కట్టేదీ పథూరియాకే. పిల్లల పని ఆ లెక్కలో కలిసిపోయి ఉంటుంది, విడిగా ఏ కాగితంలోనూ కనిపించదు.

మన కేసులో ఐదు కుటుంబాలు, పందొమ్మిది మంది. అందులో ఎనిమిది మంది పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు. పథూరియాకు 40,000 రూపాయల అడ్వాన్సు. వెయ్యి ఇటుకలకు ఇంత అని ఊళ్లో చెప్పిన రేటు బట్టీ చేరేసరికి సగమైంది. తెల్లవారుజామున మూడింటికి మట్టి కలపడంతో మొదలైతే చీకటి పడేదాకా అచ్చులే. వారానికి తిండి ఖర్చని కుటుంబానికి ఐదు వందలు. అదీ అప్పులోనే రాస్తారు.

శనివారం అంగడికి వెళ్లనిచ్చేవాళ్లు. అయితే కుటుంబమంతా ఒకేసారి కదలడానికి వీల్లేదు. ఆడమనిషి వెళితే పిల్లలు బట్టీలో ఉండాలి, మగమనిషి వెళితే భార్య ఉండాలి. తాళం, గొలుసు, కాపలా కుక్క కంటే బలమైన ఏర్పాటు ఇది. దీన్ని మొదటి రోజే స్టేట్‌మెంట్లలో రాయించి ఉంటే కేసు ఇంకోలా నడిచేది. ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. వాళ్లకు అది చెప్పుకోదగ్గ విషయంగానే తోచలేదు. బట్టీ అంటే అంతే కదా అనుకున్నారు.

తండ్రి చనిపోయాడని కబురొచ్చి ఊరికి వెళతానన్న ఒకతన్ని సర్దారు, సూపర్‌వైజర్ కలిసి కొట్టి ఫోన్ లాక్కున్నారు. అతని భార్య అంగడిలో తమ వైపు మాట మాట్లాడే ఒక తాపీ కూలీని చూసి విషయం చెప్పింది. అలా మా దాకా వచ్చింది. 2019 మార్చిలో రెవెన్యూ, కార్మిక శాఖ, పోలీసులు కలిసి బట్టీకి వెళ్లారు.

మొదటి కాగితం

అనుభవం మీద చెప్తున్నాను, ఇలాంటి కేసుల తలరాత మొదటి 48 గంటల్లో పుట్టే కాగితాల్లోనే ఉంటుంది. ఇక్కడ అందరికంటే ముందు రాసింది కార్మిక శాఖ అధికారి. ఆయన నివేదికలో ఉన్నది ఇంతే: అడ్వాన్సు తీసుకున్నారు, వారానికి ఖర్చులు ఇస్తున్నారు, కూలి లెక్కలో తేడా ఉంది, సర్దుబాటు చేయాలి. ఆయనకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. ఆయన శాఖ కళ్లకు కనపడింది అంతవరకే. కానీ ట్రయల్‌లో అదే డిఫెన్సు వాళ్ల మొదటి డాక్యుమెంట్ అయి కూర్చుంది. 'ఇది కూలి తగాదా, క్రిమినల్ కేసు కాదు' అన్న వాదనకు సర్కారు ముద్రే పడింది.

ఎఫ్ఐఆర్‌లో పడ్డ సెక్షన్లు 374, 342, 323. బలవంతపు పని, అక్రమ నిర్బంధం, కొట్టడం. మనుషుల అక్రమ రవాణాకు వర్తించే ఐపీసీ 370 లేదు. ఎస్సైని అడిగితే, "అది అమ్మాయిల కేసులకు కదండీ" అన్నారు. చాలా స్టేషన్లలో ఇదే అభిప్రాయం. నేను పై అధికారికి అర్జీ పెట్టి, రెండు వారాలకు సెక్షన్లు మార్చే ఆల్టరేషన్ మెమోతో 370 చేర్పించాను. ఆ రెండు వారాలను డిఫెన్సు లాయర్ క్రాస్‌లో చక్కగా వాడుకున్నాడు. లాయర్ వచ్చాకే నేరం పెద్దదైందా అని దర్యాప్తు అధికారి (ఐవో)ని అడిగాడు. వెట్టి నుంచి విడుదలయ్యారని ఆర్డీవో ఇవ్వాల్సిన విడుదల పత్రాలు కూడా నెల దాటాకే చేతికొచ్చాయి.

370లో ఉన్నది, లేనిది

ఇక్కడ కాస్త చట్టం చెప్పాలి. పాత 370 మనిషిని బానిసగా కొనడం, అమ్మడం గురించిన సెక్షన్. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఫిబ్రవరి 3న ఆర్డినెన్స్, తర్వాత క్రిమినల్ లా సవరణ చట్టం వచ్చాయి. కొత్త 370లో మూడు అంగాలు. చేసిన పని: చేర్చుకోవడం, తరలించడం, ఉంచుకోవడం, అప్పగించడం, స్వీకరించడం. చేసిన తీరు: బెదిరింపు, బలప్రయోగం, అపహరణ, మోసం, అధికార దుర్వినియోగం, ప్రలోభం. ఉద్దేశం: దోపిడీ. మూడూ రుజువైతే బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది అప్రస్తుతం.

ఆర్డినెన్స్‌లో దోపిడీ నిర్వచనంలో 'బలవంతపు శ్రమ' అని స్పష్టంగా ఉంది. పార్లమెంటు చేసిన చట్టంలో ఆ మాట పోయింది. దాని బదులు 'శారీరక దోపిడీ' అని వచ్చింది. అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే సెక్షన్ 143గా మారింది. బిచ్చమెత్తించడం కొత్తగా చేరింది, బలవంతపు శ్రమ మళ్లీ చేరలేదు. రెండు చట్టాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, అవకాశం చేతిదాకా వచ్చి జారిపోయిందనిపిస్తుంది.

డిఫెన్సు లాయర్ సీనియర్. ఈ చరిత్రంతా ఆయనకు తెలుసు. ఆయన వాదన ఇది: పార్లమెంటు కావాలనే ఆ మాట తీసేసింది, కాబట్టి బలవంతపు పనికి 374 ఒక్కటే వర్తిస్తుంది, దానికి గరిష్ఠంగా ఏడాది. మేం ఇంకో దారి పట్టాం. 370లో 'బానిసత్వాన్ని పోలిన ఆచారాలు' అన్న మాట ఉంది. 1956 నాటి ఐక్యరాజ్యసమితి అనుబంధ ఒప్పందంలో ఆ మాటకిచ్చిన అర్థంలో అప్పు కింద మనిషిని కట్టిపడేయడం మొట్టమొదట ఉంటుంది. భారతదేశం ఆ ఒప్పందంలో భాగస్వామి. కనీస కూలి కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు శ్రమే అని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కూలీల కేసులో చెప్పింది. అడ్వాన్సు ఉంది, పని మానుకునే వీల్లేదు, కూలి కనీస స్థాయికి దిగువన ఉంది. అందుకని ఇది అప్పుబానిసత్వమే అన్నాం. జడ్జిగారు ఒప్పుకున్నారు. నా ప్రాక్టీసులో నాకు బాగా తృప్తినిచ్చిన పేరాల్లో అదొకటి.

అయితే ఒప్పుకున్నది సూత్రాన్ని మాత్రమే. అప్పు ఎవరిది అన్న ప్రశ్న దగ్గర కేసు రెండుగా చీలింది.

ఖాతా పుస్తకం

అడ్వాన్సు చేత్తో ఇచ్చింది సర్దారు. ఆ సంగతి సాక్షులందరూ ఒకే రకంగా చెప్పారు. ఆ డబ్బు యజమానిదని చూపించే ఆధారాలు రెండే. ఒకటి బట్టీ ఆఫీసు గదిలో దొరికిన ఖాతా పుస్తకం. రెండోది సర్దారు ఫోన్‌లో యజమాని వాయిస్ మెసేజ్, లెక్క తీరేదాకా ఒక్కరినీ కదలనివ్వొద్దని.

ఫోన్ సంగతి ముందు చెప్తాను, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే 65బి సర్టిఫికెట్ అన్ని సందర్భాల్లోనూ అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి చెప్పింది. ఐవో దాన్ని నమ్ముకుని సర్టిఫికెట్ తీసుకోలేదు. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి ఆ తీర్పును కొట్టేసి, సర్టిఫికెట్ తప్పనిసరి అంది. ట్రయల్ ముగిసే లోపు తెచ్చుకోవచ్చనీ అంది. తెచ్చుకుందామంటే, అప్పటికే ఫోన్‌ను మధ్యంతర కస్టడీ కింద సర్దారు ఇంటివాళ్లకు తిరిగిచ్చేశారు. ఫోన్ పోయిందన్నారు వాళ్లు.

ఇక ఖాతా పుస్తకం. పంచనామా మీద సంతకం చేసిన ఇద్దరూ కోర్టులో ఎదురు తిరిగారు. వాళ్లలో ఒకతను ఆ బట్టీకే ఊకా బూడిదా తోలేవాడు. ఎక్కడివాళ్లను అక్కడ పట్టుకుని పంచులుగా పెడితే ఇలాగే ఉంటుంది. రాత గుమాస్తాది. అతని పేరు చార్జిషీటులో సాక్షుల జాబితాలో ఉంది, సమన్లకు రాలేదు, పీపీ వదులుకున్నారు. సీఆర్పీసీ 311 కింద పిటిషన్ వేయించి అతన్ని పిలిపించాల్సింది. నేను వేయించలేదు. ఆ నెలలో ఒడిశా నుంచి వీడియో సాక్ష్యాల ఏర్పాట్లలో తలమునకలై ఉన్నానని సమాధానం చెప్పుకోవచ్చు, కానీ తప్పు నాదే. ఖాతా పుస్తకంలో రాతలు ఉన్నంత మాత్రాన ఎవరి మీదా బాధ్యత మోపడానికి సరిపోవని అప్పటి ఎవిడెన్స్ చట్టం 34వ సెక్షన్ చెప్పింది. రాసినవాడో, ఆ రాతను గుర్తుపట్టేవాడో లేకపోతే అసలు రుజువే కాదు.

దాంతో యజమానికి అప్పుతో ఉన్న ముడి తెగిపోయింది. గేటుకు వేసిన తాళం ఇటుకల దొంగతనం జరగకుండా అని యజమాని తరఫున అన్నారు. బట్టీలో ఇష్టం లేని పని జరిగిందని జడ్జిగారు నమ్మారు కాబట్టి 374 కింద ఏడాది వేశారు. సర్దారు మాత్రం తప్పించుకోలేకపోయాడు. ఐదు కుటుంబాలూ అతని బంధువర్గం వాళ్లే. 370లో ఒకరికంటే ఎక్కువ మంది బాధితులైతే కనీస శిక్ష పదేళ్లు. బట్టీకి ఎవరూ ఒంటరిగా రారు, కుటుంబంగానే వస్తారు. అంటే బట్టీ కేసులో 370 పడిందంటే పదేళ్ల నుంచే మొదలు. మధ్యలో మెట్టు లేదు.

ఆ మెట్టు లేకపోవడం వల్ల రెండు జరుగుతాయి. స్టేషన్లో సెక్షన్ పెట్టడానికి చెయ్యి వెనకాడుతుంది. కోర్టులో జడ్జి రుజువును మామూలు కంటే సన్నగా జల్లెడ పడతారు. శిక్ష ఎంత బరువైతే సందేహపు లాభం అంత తేలిగ్గా దొరుకుతుంది. డబ్బు, లాయరు, కాగితం అన్నీ ఉన్నవాడికే ఆ లాభం అందుతుంది.

వీడియోలో సాక్ష్యం

సాక్షులు బతుకుతెరువు కోసం మూడు రాష్ట్రాల్లో చెదిరిపోయారు. పెద్దవాళ్లు పదకొండు మందిలో చివరికి సాక్ష్యం చెప్పింది నలుగురు. వీడియో ద్వారా సాక్ష్యం చెల్లుతుందని 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులోనే తేలిపోయింది కాబట్టి, వాళ్ల జిల్లా కోర్టు నుంచి చెప్పించాం. దుబాసీకి ఒడియా వచ్చు, వాళ్లు మాట్లాడేది సంబల్‌పురి. "మీ ఇష్టంతోనే వచ్చారు కదా?" అన్న ప్రశ్నకు ఒకామె చాలాసేపు ఏదో చెప్పింది. దుబాసీ "అవును" అన్నాడు. మళ్లీ అడిగించాలని పట్టుబడితే బయటపడిన జవాబు ఇది: అడ్వాన్సు డబ్బుతో అత్తగారి వైద్యం అయిపోయింది, రానంటే ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెచ్చి కట్టేది?

ఇంకో ప్రశ్న నలుగురినీ వరసగా అడిగారు. కేసు గెలిస్తే మీకు లక్షలు వస్తాయట కదా? 2016 నాటి కేంద్ర పునరావాస పథకంలో పెద్ద మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు పిల్లలకు రెండు లక్షలు, ఘోరమైన దోపిడీకి గురైనవాళ్లకు మూడు లక్షలు ఉన్న మాట నిజం. వెంటనే ఇచ్చే సాయం అప్పట్లో 20,000 వరకు, తర్వాత 30,000 వరకు అయింది. దానికి శిక్షతో సంబంధం లేదు. పెద్ద మొత్తాన్ని మాత్రం శిక్షతో ముడిపెట్టారు. ఎవరి ఆలోచనో గానీ, బాధితుడు అబద్ధం చెప్పడానికి కారణం ఉందని డిఫెన్సుకు సర్కారే తయారు చేసి ఇచ్చినట్టయింది. నన్నడిగితే, విడుదల పత్రం చేతిలో ఉంటే డబ్బు ఇచ్చేయాలి. ముద్దాయికి శిక్ష పడిందా లేదా అన్నది వేరే సంగతి.

పిల్లలు

370(5) కింద, ఒకరికంటే ఎక్కువ మంది మైనర్లు బాధితులైతే కనీసం పద్నాలుగేళ్లు. ఆ అభియోగం నిలబడలేదు. ఒక కారణం వయసు. స్కూలు సర్టిఫికెట్లు తేవడానికి దర్యాప్తు వాళ్లు ఒడిశా వెళ్లలేదు. రెండో కారణం చట్టంలోనే ఉంది. మనుషుల అక్రమ రవాణా మీద 2000లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం, పలెర్మో ప్రొటోకాల్ ప్రకారం బాధితులు పిల్లలైతే బలవంతం, మోసం లాంటి 'తీరు' రుజువు చేయనక్కర్లేదు. తరలించడం, దోపిడీ ఉద్దేశం ఉంటే చాలు. భారతదేశం 2011లో దాన్ని ఆమోదించింది కూడా. అయినా 370లో పిల్లలకు ఆ మినహాయింపు రాలేదు, 143లోనూ లేదు. తండ్రికి ఇచ్చిన అడ్వాన్సే పిల్ల మీద అధికారం ఉన్న మనిషికి ఇచ్చిన ప్రతిఫలం, అంటే 370 చెప్పే ప్రలోభం అని మేం వాదించవచ్చు. కానీ అలా వాదిస్తే తండ్రి బాధితుడి వరసలోంచి జరిగి ముద్దాయి పక్కకు వచ్చి నిలబడతాడు. నా క్లయింటును నేనే ఇరికించే వాదన చేయలేను. ఆ భాగాన్ని రాతపూర్వక వాదనలో రెండు వాక్యాలతో సరిపెట్టాను.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(హెచ్) కూడా వర్తించాల్సింది. కుల ధ్రువపత్రాలు సమయానికి రాలేదు. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

చట్టంలో ఏం మారాలి

సర్దారు తరఫు అప్పీలులో ఒక బలమైన పాయింట్ ఉంది. వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం, 1976లో 15వ సెక్షన్ ప్రకారం, ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాడిది. మన జడ్జిగారు సర్దారు అప్పును తేల్చడానికి ఆ సెక్షన్‌ను వాడారు, అక్కణ్నుంచి 370కి వెళ్లారు. ఒక చట్టంలోని రుజువు భారాన్ని ఇంకో చట్టంలోకి అరువు తెచ్చుకోవచ్చా అని అప్పీలు అడుగుతోంది. న్యాయంగా చూస్తే వాళ్ల ప్రశ్నలో పస ఉంది.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1976 చట్టంలో రుజువు భారం యజమాని వైపు ఉంది, గరిష్ఠ శిక్ష మాత్రం మూడేళ్లు, జరిమానా రెండు వేల రూపాయలు. నేరం బెయిలబుల్. 370లో పదేళ్లు, యావజ్జీవం ఉన్నాయి, రుజువు భారమంతా కూలీ నెత్తిన ఉంది. ఒకదాంట్లో తాళంచెవి, ఇంకోదాంట్లో తలుపు. నేను అడిగేది శిక్ష పెంచమని కాదు. అడ్వాన్సు ఇచ్చారని, కనీస కూలి కంటే తక్కువ ముట్టిందని, పని మానుకుని వెళ్లనివ్వలేదని ప్రాసిక్యూషన్ ముందుగా చూపించాలి. ఈ మూడూ తేలాక, ఆ పని వల్ల లాభపడిన ప్రతి మనిషికీ అప్పు సంగతి తెలుసనే ఊహ పుట్టాలి. కాదని చెప్పే భారం అతనిది. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో 29, 30 సెక్షన్లలో ఇలాంటి ఊహలు ఇప్పటికే ఉన్నాయి. పునాది వాస్తవాలు రుజువు చేయకుండా భారమంతా ముద్దాయి మీదికి నెట్టేయడానికి నేను ఒప్పుకోను. రేపు ఆ భారం కింద నలిగేది మళ్లీ సర్దార్లే.

2018లో లోక్‌సభ ఆమోదించిన అక్రమ రవాణా బిల్లులో బలవంతపు శ్రమ, వెట్టి తీవ్రమైన నేరాల్లో ఉన్నాయి. రాజ్యసభ దాటకుండానే 2019లో లోక్‌సభతో పాటు ఆ బిల్లూ ముగిసిపోయింది. 2021లో వచ్చిన ముసాయిదా ముసాయిదాగానే ఉండిపోయింది.

ఇంకొకటి. సర్దారు కూడా కొన్నేళ్ల కిందట పథూరియాగా వచ్చినవాడే. అప్పు తీరాలంటే మనుషుల్ని తీసుకురా అన్నారు, తెచ్చాడు. అతను కొట్టాడు, అబద్ధం చెప్పాడు, పిల్లల్ని అడ్డం పెట్టుకున్నాడు. శిక్ష వద్దని నేననను. కానీ దోపిడీలో ఉంటూ ఆ ఒత్తిడి కింద చేసిన నేరాన్ని విడిగా తూచే నియమం మన చట్టంలో లేదు. క్షమాభిక్ష ఇచ్చి అతన్ని అప్రూవర్‌గా మార్చి, యజమాని మీద చెప్పించవచ్చని దర్యాప్తు దశలో ఒకసారి అనుకున్నాం. బాధితులు ఒప్పుకోలేదు. తమను కొట్టినవాడు బయటికి వెళ్లడం ఏమిటన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ సబబే. ఆ పట్టు వదలమని నేను వాళ్లను అడగలేకపోయాను.

ఇప్పుడు

యజమాని 370 నుంచి బయటపడటం మీద బాధితులకు అప్పీలు హక్కునిచ్చే సీఆర్పీసీ 372 ప్రొవైజో కింద వాళ్ల తరఫున అప్పీలు వేశాం. ఖాతా పుస్తకంలోని రాతను నిపుణుడికి పంపాలని, గుమాస్తాను పిలవాలని 391 కింద అదనపు సాక్ష్యం కోసం పిటిషన్ జత చేశాం. ట్రయల్లో చేయాల్సిన పని అప్పీలులో ఎందుకు చేస్తున్నారని హైకోర్టు అడుగుతుంది. నా దగ్గర మంచి సమాధానం లేదు.

అప్పీలు కోసం అనుమతి తీసుకుని ఆ పుస్తకాన్ని మొదటిసారి పేజీ పేజీ చూశాను. మొదటి పేజీలో శ్రీ రాసి పసుపు బొట్టు పెట్టి ఉంది. కుటుంబానికో పేజీ. అడ్వాన్సు, వారం ఖర్చు, ఇటుకల లెక్క, కోతలు. మూడో కుటుంబం పేజీలో, జనవరి కోతల కింద ఒక వరస ఉంది: 'పిల్ల జ్వరం, 2 రోజులు, 300'. బట్టీలో పిల్లలు పని చేయలేదని, తల్లిదండ్రుల వెంట ఊరికే ఉన్నారని యజమాని తరఫు వాదన. ఊరికే ఉన్న పిల్లకు జ్వరం వస్తే కూలి ఎందుకు కోశారు? ట్రయల్ నడిచిన నాలుగేళ్లలో ఆ వరస ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.